పోర్షే 914 కారులో పోర్షే 911 ఇంజిన్ పెడితే ఆయిల్ ట్యాంక్ సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నా 914లో ఆరు సిలిండర్ల 911 ఇంజిన్ ఎక్కించినప్పుడు ట్యాంక్ ఇంటి గ్యారేజీలోనే కట్టుకున్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. అసలు 914-6 (కంపెనీయే ఆరు సిలిండర్లతో కట్టిన 914) ట్యాంక్ దొరకడం లేదని, దొరికినా ధర భయపెడుతోందని, కొలతలకు తగ్గ రేకు డబ్బా కట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. ధర సంగతి నిజమే. పోర్షే కట్టిన 914-6లు సుమారు 3,300 మాత్రమే. నాలుగు సిలిండర్ల 914లు లక్ష దాటాయి. వాటిని ఆరుకు మార్చాలనుకునే వాళ్లంతా ఆ కొద్దిపాటి ట్యాంకుల వెంటే పడుతున్నారు. అయితే ఖాళీ డబ్బా మాత్రం సరిపోదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఆయిల్ అడుగునే ఉంటుంది. 911 ఇంజిన్‌ది డ్రై సంప్, అంటే ఆయిల్ నిలవ ఉండేది ఇంజిన్ అడుగున కాదు, విడిగా ఉన్న ట్యాంకులో. ఒక పంపు ఇంజిన్ అడుగు నుంచి ఆయిల్‌ను లాగి ట్యాంకుకు పంపుతుంది, రెండోది ట్యాంకు నుంచి తీసి బేరింగులకు ఇస్తుంది. లాగే పంపు పెద్దది కాబట్టి ఆయిల్‌తో పాటు గాలినీ లాగేస్తుంది. అందుకే ట్యాంకులోకి తిరిగి వచ్చే ఆయిల్ అప్పుడే చిలికిన మజ్జిగలా నురగలు కక్కుతూ వస్తుంది. ఆ నురగ అలాగే రెండో పంపులోకి పోతే బేరింగులకు అందేది సగం గాలే. కాబట్టి ఈ ట్యాంకు మొదటి పని ఆయిల్‌లోంచి గాలిని విడదీయడం. నిలవ ఉంచడం ఆ తర్వాతి పని.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల డీజిల్ ట్యాంకులు కట్టడం చూస్తూ పెరిగాను. వాటిలోనూ అడ్డు రేకులుంటాయి, డీజిల్ అటూ ఇటూ ఊగకుండా. మనకు ఆ పని కావాలి, దానికి మించిందీ కావాలి. తిరిగి వచ్చే గొట్టాన్ని ట్యాంకు పైభాగంలో, గోడను ఒరుసుకుంటూ ఆయిల్ పడేలా పెట్టండి. కింద ఏటవాలుగా ఒక రేకు, దాని కింద చిల్లుల రేకు. ఆయిల్ పలచటి పొరగా జారితేనే గాలి బుడగలు వదులుతాయి. నేరుగా నిలవ ఉన్న ఆయిల్‌లోకి దూకితే కొత్త నురగ పుడుతుంది. పంపుకు వెళ్లే గొట్టం అన్నిటికన్నా కింద, చిన్న బావిలాంటి గదిలోంచి బయటికి రావాలి. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినా ఆ గది ఖాళీ కాకూడదు. గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం బాగా పైన, ఆయిల్ వచ్చి పడే చోటికి దూరంగా. నిండుగా పోసిన తర్వాత కూడా పైన బాగా ఖాళీ మిగిలేలా కొలతలు వేసుకోండి, నురగ విరగడానికి చోటు కావాలి. తొలినాటి 911లలో మొత్తం ఆయిల్ సుమారు 9–10 లీటర్లు.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య కాదు. అసలు 914-6లో ఇంజిన్ గదిలో ఎడమవైపు ఉంటుంది, అక్కడే అట్టముక్కలతో నమూనా చేసి చూసుకోండి. ఆయిల్ పోసే మూత మాత్రం బండి బయటికి పెట్టకండి. 1972 911లో పోర్షే ట్యాంకును వెనక చక్రానికి ముందుకు జరిపి, బాడీ మీద పక్కనే ఒక మూత ఇచ్చింది. అది పెట్రోలు మూత అనుకుని అందులో పెట్రోలు పోసినవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాదికే ఆ ఏర్పాటు పోయింది.

నేను వాడింది 1.6 మి.మీ. మైల్డ్ స్టీల్ రేకు. అల్యూమినియం తేలిక, కానీ బిగుతుగా బోల్టు చేస్తే కంపనానికి వెల్డింగ్ పగులుతుంది, రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి పట్టీలతో కట్టాలి. గాల్వనైజ్డ్ రేకు అసలు వద్దు. ఇంకో మాట, ప్రాణానికి సంబంధించినది: వెల్డింగుకు ముందు రేకును క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి. ఆ తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి.

శుభ్రత గురించి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఈ పాత 911లలో ఫిల్టర్ ఉండేది ఇంజిన్ నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే దారిలో. అంటే ట్యాంకులో ఉన్న చెత్తను ఆపేది ఏదీ లేదు, అది నేరుగా పంపుకు, అక్కడి నుంచి బేరింగులకు పోతుంది. మిగ్ వెల్డింగ్ చేస్తే లోపల చిన్న లోహపు గుండ్లు అతుక్కుంటాయి, వేడికీ కుదుపులకూ ఒక రోజు ఊడతాయి. అందుకే అలా గుండ్లు రాలని టిగ్ వెల్డింగ్ చేయించండి. లోపలి రేకులన్నీ అంచులు రుద్ది, కడిగి, ఆ తర్వాతే ఆఖరి గోడ మూయండి. లోపల పెయింటు వద్దు.

లీకు పరీక్షకు కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి. 0.2 బార్ చాలు, సబ్బు నీళ్లు పూసి చూడండి. 30 × 40 సెం.మీ. చదును గోడ మీద ఆ కాస్త ఒత్తిడే దాదాపు 240 కిలోల బరువుతో సమానం.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గుర్తులు కూడా మీరే గీసుకోవాలి. సమతలం మీద, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉండగా గీయండి. బండి కొన్నాళ్లు నిలిపి ఉంచితే ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల్లోంచి ఇంజిన్‌లోకి దిగుతుంది, చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి మళ్లీ పోస్తే, ఎక్కువైనదంతా బ్రీదర్ దారిన ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది.