అమెరికా తొలినాటి భూవిస్తరణ న్యాయమైనదేనా? ఉత్తర జార్జియా నుంచి నా సమాధానం

అమెరికా తన తొలి దశాబ్దాల్లో పడమటికి విస్తరించడం న్యాయమేనా, లేక ఆనాటి ప్రపంచమంతా అలాగే ఉండేది గనుక ఇప్పుడు తప్పుపట్టడం సరికాదా అని మీరు అడిగారు. న్యాయం కాదన్నదే నా సమాధానం. నేటి విలువలను రెండు శతాబ్దాల వెనక్కి మోసుకెళ్ళి ఈ మాట అనడం లేదు. ఆ దేశం అప్పట్లో తానే చేసుకున్న చట్టాలనూ, తానే సంతకం పెట్టిన ఒప్పందాలనూ, తన సుప్రీంకోర్టు తీర్పునూ కొలబద్దగా తీసుకున్నా ఆ విస్తరణలో చాలా భాగం నిలబడదు. అంత పెద్ద చరిత్రను ఒక్క సమాధానంలో పరిశీలించడం అయ్యే పని కాదు కాబట్టి, నేను నివసిస్తున్న ఉత్తర జార్జియాలో చెరోకీలనే ఆదివాసీ జాతికి ఏం జరిగిందో చెబుతాను.

మేము ఉంటున్నది అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో. ఇక్కడ తెలుగు కుటుంబాలు ఎంత ఎక్కువగా ఉన్నాయో ఈ ప్రాంతం ఎరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఇల్లు కొన్నప్పుడు చేతికి వచ్చిన దస్తావేజులో, మన ఊళ్ళలో సర్వే నంబరు రాసినట్టే, ఫలానా ల్యాండ్ లాట్, రెండవ డిస్ట్రిక్ట్, మొదటి సెక్షన్ అని స్థల వివరం ఉంది. ఈ సెక్షన్లు, డిస్ట్రిక్టులు ఎక్కడివని రిజిస్ట్రేషన్ పని చూసిన అటార్నీని అడిగితే, అవి 1832 నాటి లాటరీ కోసం చేసిన సర్వేలో పెట్టినవని, ఈ చుట్టుపక్కల భూమి హక్కులు అక్కడి నుంచే మొదలవుతాయని ఆయన మామూలు విషయం చెప్పినట్టు చెప్పారు. అంతకుముందు ఈ నేల ఎవరిదన్న ప్రశ్నకు ఆ దస్తావేజుల వరుసలో జవాబు లేదు. నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

ఆ లాటరీ ఎలా జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి. 1820ల చివర డలోనెగా ప్రాంతంలో బంగారం బయటపడింది. జార్జియా ప్రభుత్వం చెరోకీల భూమిని సర్వే చేయించి, మామూలు నేలను 160 ఎకరాల చొప్పున, బంగారం ఉంటుందని భావించిన నేలను 40 ఎకరాల చొప్పున ముక్కలు చేసింది. అప్పటి రాజధాని మిల్లెడ్జ్‌విల్‌లో ఒక పీపాలో దరఖాస్తుదారుల పేర్ల చీటీలు, మరొక పీపాలో భూమి నంబర్ల చీటీలు వేసి, ఒక్కొక్కటే తీస్తూ ఎవరికి ఏ ముక్కో తేల్చారు. అదృష్టం కలిసివచ్చినవారు కొద్దిపాటి రుసుము కట్టి పట్టా పుచ్చుకోవచ్చు. ఆ సమయానికి అదే నేల మీద చెరోకీలు ఇళ్ళు కట్టుకొని, మొక్కజొన్న పండిస్తూ, పండ్ల తోటలు పెంచుతూ, నదుల మీద బల్లకట్లు నడుపుతూ ఉన్నారు. వారి ప్రధాన నాయకుడు జాన్ రాస్ 1835లో తన ప్రజల తరఫున వాషింగ్టన్‌లో చర్చలు జరిపి తిరిగివచ్చేసరికి, ఇప్పటి రోమ్ పట్టణం దగ్గర ఉన్న ఆయన ఇంట్లో లాటరీ గెలిచినవారు కాపురం పెట్టేశారు. ఆయన కుటుంబంతో సహా సరిహద్దు దాటి టెనెస్సీలో ఒక చిన్న కర్ర ఇంట్లో తలదాచుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ఇది తప్పని ఎవరికీ తోచలేదన్న వాదన నాకు తరచుగా వినిపిస్తుంది. రికార్డులు చూస్తే ఆ వాదన నిలవదు. ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న ప్రాంతం కోసం 1787లో చేసిన శాసనంలోనే, ఆదివాసుల భూములను వారి సమ్మతి లేకుండా ఎన్నడూ తీసుకోకూడదని స్పష్టంగా రాసుకున్నారు. 1791లో హోల్‌స్టన్ ఒప్పందంలో, చెరోకీలు వదులుకోని భూమి అంతటికీ అమెరికా ప్రభుత్వం హామీ ఇచ్చింది. అదే ప్రభుత్వం 1802లో జార్జియా తన పడమటి భూములను కేంద్రానికి అప్పగించినందుకు ప్రతిగా, రాష్ట్రంలో మిగిలిన ఆదివాసుల హక్కులను తొలగిస్తామని ఆ రాష్ట్రానికి మాట ఇచ్చింది. ఒకే భూమి మీద ఇద్దరికి రెండు మాటలు ఇవ్వడంలోనే తర్వాతి అన్యాయానికి బీజం ఉందని నా అభిప్రాయం. రెండింటిలో దేన్ని నిలబెట్టుకోవాలన్న ఘట్టం వచ్చినప్పుడు, ఓటు హక్కు ఉన్నవారికి ఇచ్చిన మాటే నెగ్గింది.

ఆదివాసులను మిసిసిపీ నదికి ఆవలకు పంపే చట్టం 1830లో ప్రతినిధుల సభలో 102కు 97 ఓట్లతో, అంటే కేవలం ఐదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. న్యూజెర్సీ సెనేటర్ థియోడర్ ఫ్రీలింగ్‌హైసెన్ దానికి వ్యతిరేకంగా మూడు రోజుల పాటు ప్రసంగించారు. అధ్యక్షుడు జాక్సన్ సొంత రాష్ట్రమైన టెనెస్సీ నుంచి వచ్చిన ప్రతినిధుల సభ సభ్యుడు డేవీ క్రాకెట్ కూడా వ్యతిరేకంగానే ఓటు వేశారు. చెరోకీల మధ్య నివసించడానికి జార్జియా అనుమతి తీసుకోనందుకు శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీకి నాలుగేళ్ళ కఠిన శిక్ష పడితే, 1832 మార్చిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెరోకీల భూభాగంలో జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు ఇచ్చారు. పైన చెప్పిన లాటరీ చీటీలు తీయడం మొదలైంది ఆ తీర్పు వచ్చిన ఏడు నెలలకు. తప్పని తెలియక చేశారనడానికి ఇంకెక్కడ చోటుంది?

కాల్‌హౌన్ పట్టణం పక్కన ఉన్న న్యూ ఎకోటాకు పిల్లలను తీసుకొని వెళ్ళాను. 1825లో చెరోకీలు తమ రాజధానిగా ఎంచుకున్న ఊరది. ఇప్పుడు అక్కడ ఉన్న కట్టడాల్లో చాలావరకు తిరిగి నిర్మించినవే గాని, వూస్టర్ ఇల్లు మాత్రం ఆనాటిదే. అచ్చు కార్యాలయం నమూనాలో, అక్షరాలు పేర్చే బల్ల ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. సెక్వోయా అనే చెరోకీ 1821 నాటికి తన భాషకు స్వయంగా లిపి రూపొందించారు. అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో పూర్తి శబ్దం పలుకుతుంది. బోస్టన్‌లో పోత పోయించిన ఆ అక్షరాలతో 1828 ఫిబ్రవరిలో ఇక్కడి నుంచే చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక రెండు భాషల్లో వెలువడింది. అప్పటికే వారికి లిఖిత రాజ్యాంగం, శాసన మండలి, ఉన్నత న్యాయస్థానం ఉన్నాయి. భూమిని ఉపయోగించుకోవడం తెలియని సంచార జనం నుంచి దాన్ని తీసుకోవడం తప్పు కాదన్న సమర్థన కనీసం వీరి విషయంలో చెప్పడానికి వీలే లేదు. నిజానికి వారు స్థిరపడి, చదువుకొని, కోర్టుకెక్కగలిగిన స్థితికి చేరడమే జార్జియా నాయకులను ఎక్కువగా కలవరపెట్టింది.

ఒప్పందం ప్రకారమే భూమి తీసుకున్నారు కదా అని మీరు అనవచ్చు. 1835 డిసెంబరులో కొద్దిమంది చెరోకీలు, తమ మండలి గాని ప్రధాన నాయకుడు గాని అధికారం ఇవ్వకుండానే, యాభై లక్షల డాలర్లకు తూర్పు భూములన్నీ వదులుకుంటూ ఇదే న్యూ ఎకోటాలో సంతకాలు చేశారు. జాతిలో అత్యధికులు దాన్ని తిరస్కరిస్తూ వేల సంతకాలతో వినతిపత్రం పంపినా, సెనేట్ అవసరమైన మూడింట రెండు వంతుల మెజారిటీ అతికష్టం మీద దక్కగా దాన్ని ఆమోదించింది. 1838లో జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సైనికులు కుటుంబాలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి శిబిరాల్లో పెట్టారు. సుమారు 16,000 మందిలో శిబిరాల్లోనూ దారిలోనూ కలిపి దాదాపు 4,000 మంది చనిపోయారని సాధారణంగా అంచనా వేస్తారు.

మిసిసిపీ నదికి పడమట ఉన్న విశాల ప్రాంతమైన ఆనాటి లూసియానా మాటేమిటని కూడా ఆలోచించాను. 1803లో ఫ్రాన్స్‌కు కోటిన్నర డాలర్లు ఇచ్చి కొన్నారు కాబట్టి అది న్యాయమైన బేరమని చాలామంది భావిస్తారు. కాని అందులో ఎక్కువ భాగం మీద ఫ్రాన్స్‌కు ఏనాడూ స్వాధీనం లేదు. అది అమ్మింది ఇతర ఐరోపా దేశాలను కాదని ఆ నేలను పొందగల హక్కును మాత్రమే. అందుకే ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడి జాతులతో విడివిడిగా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది. ఆ ఒప్పందాల్లో ఇష్టపూర్వకంగా, తగిన ధరకు జరిగినవి ఉంటే వాటిని నేను అన్యాయమనను. బెదిరింపుతోనో అధికారం లేనివారి సంతకంతోనో జరిగినవాటిని వేరుగా లెక్కించాలి. చెరోకీలలో సంపన్నులు నల్లజాతి బానిసలను పెట్టుకున్నారన్నది కూడా దాచదగిన విషయం కాదు. అది వారి మీద ఉన్న దోషమే. అయితే అదే బానిసత్వాన్ని ఇంకా పెద్ద ఎత్తున విస్తరించడానికి వారి భూమిని లాక్కున్నవారికి అది సమర్థన కాజాలదు.

చెరోకీలపై చేసిన పాత చట్టాలను జార్జియా శాసనసభ 1962లో రద్దు చేసింది. 1992లో వూస్టర్‌కు, ఆయనతో పాటు జైలుకు వెళ్ళిన ఎలైజర్ బట్లర్‌కు ఆ రాష్ట్ర క్షమాభిక్ష, పెరోల్ బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. భూమి మాత్రం తిరిగి రాలేదు, నా దస్తావేజు కూడా అలాగే చెల్లుతోంది. చెరోకీ జాతి గతించిపోలేదు, ఓక్లహోమాలోని టాలెక్వా రాజధానిగా ఈనాటికీ తన ప్రభుత్వాన్ని నడుపుకుంటోంది. తమ భూమిని పోగొట్టిన 1835 ఒప్పందంలోని ఏడవ అధికరణం ప్రతినిధుల సభలో చెరోకీలకు ఒక ప్రతినిధి ఉండే హక్కును పేర్కొంది. 2019లో వారు తమ ప్రతినిధిని ఎంపిక చేసుకున్నారు, 2022 నవంబరులో సభా నియమాల కమిటీ ఆ విషయంపై విచారణ కూడా జరిపింది. ఆ స్థానం వారికి ఇంకా దక్కలేదు.