రేడియోకు తెలిసిన సంగతి

చిరంజీవి లలితకు,
మామయ్య ఆశీస్సులు.

వైరింగులో ఆర్క్, అంటే వదులైన సందులో కరెంటు దూకే నిప్పుమెరుపు, పుడితే పసిగట్టే పెట్టె తయారుచేస్తున్నావనీ, మొదట మీ ఇంట్లోనే బిగిస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాని గొంతులో సగం గర్వం, సగం భయం. నా సంగతీ అంతే.

మెయిన్ ఆపకుండా బోర్డు విప్పకు. ఆపాక కూడా మీటరు పెట్టి చూసుకో. కావాలని ఆర్క్ పుట్టించే పరీక్షలు ఒంటరిగా చేయకు. ఇవన్నీ కాలేజీలో చెప్పే ఉంటారు. అక్కడ చెప్పనిది, నా కరెంటు పనిలో జరిగింది ఒకటి చెబుతాను.

1993 చలికాలం. మలక్‌పేటలో ఒక పాత ఇల్లు, చెక్క స్విచ్ బోర్డు, అల్యూమినియం తీగలు. తెల్లవారుజామున గీజరు వేయగానే రేడియోలో చిటపటలు వస్తున్నాయని ఆ ఇంటి పెద్దావిడ పిలిపించారు. టెస్టర్ పెట్టాను, వెలిగింది. ఫ్యూజు తీగ చెక్కుచెదరలేదు. "రేడియో పాతబడిందమ్మా, మార్చేయండి" అని 20 రూపాయలు తీసుకుని, ట్రూప్ బజార్‌లో సామాను కొనాలని సైకిలెక్కాను. బోర్డు విప్పలేదు. నాలుగు స్క్రూలు, లలితా, నాలుగే!

ఐదో రోజు కబురొచ్చింది. వెళ్లేసరికి గోడంతా మసి, పెద్దావిడ కుడిచేతికి బొబ్బలు. బోర్డు వెనక న్యూట్రల్ స్క్రూ చుట్టూ చెక్క బొగ్గయింది, గోటితో గీకితే రాలింది. అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద నలుగుతుంది, వేడికి ఉబ్బి చల్లారి వదులవుతుంది. ఆ సందులోనే ఆర్క్. 2 కిలోవాట్ల గీజరుకు నడిచేది 9 ఆంపియర్లు. అదే దారిలో ఆర్క్ పడితే కరెంటు ఇంకాస్త తగ్గుతుంది గానీ పెరగదు. 15 ఆంపియర్ల ఫ్యూజు ఎందుకు పోతుంది? కరెంటు మితిమీరితే తెంచే ఇప్పటి ఎంసీబీ స్విచ్ అయినా అంతే. ఎర్తుకు లీకేజీ లేదు కనుక ఆ లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా ఊరుకుంటుంది. ఆ ఇంట్లో సంగతి తెలిసింది రేడియోకు ఒక్కదానికే. దాన్నే మార్చమన్నాను.

పెద్దావిడ నన్ను తిట్టలేదు. కట్టు కట్టిన చేతితోనే టీ ఇచ్చారు. ఆ టీ ఇప్పటికీ గొంతు దిగలేదు.

ఇక నా అసలు భయం విను. మిక్సీలో కార్బన్ బ్రష్‌లూ నిప్పురవ్వలు వేస్తాయి. నీ పెట్టె దాన్నీ ఆర్క్ అనుకుని కరెంటు తెంచేస్తుంది. పచ్చడి మధ్యలో ఆగిందని మీ అమ్మ విసుక్కుంటుంది. నువ్వు జాలిపడి పెట్టె చెవి కాస్త మొద్దు చేస్తావు. ఆ పని చేశావో, నీ చెవి మెలిపెడతాను! 2.5 ఆంపియర్ల ఆర్క్‌నైనా ఒక్క సెకనులో తెంచాలంటుంది ఇలాంటి పెట్టెలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62606.

సెకనుకు 100 సార్లు కరెంటు సున్నా దాటుతుంది కదా, అక్కడ ఆర్క్ ఆరి మళ్లీ అంటుకుంటుంది. కరెంటు అలను గీసి చూపే ఆసిలోస్కోప్‌లో ఆ చోట అల చదునుగా కనబడుతుంది. అదొక్కటే చూసి సంబరపడకు, డిమ్మర్లూ చార్జర్లూ అలాగే కనబడతాయి. లూజు కనెక్షన్‌కు నిలకడ ఉండదు, ఒక్కో అలకు ఒక్కో తీరు. దాంతోపాటు అల మీద సన్నటి రొద, ఆ రేడియో విన్న చిటపటలే. ఈ మూడూ కలిసొస్తేనే నమ్ము.

ఆదివారం పెట్టె పట్టుకుని రా. అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంటోంది. మా మిక్సీ పాతది, తిప్పినప్పుడల్లా దీపావళే. ముందు దానిమీద చూద్దాం.

మీ మామయ్య