మధురవాడలో ఫ్లాట్ కొనేముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

విశాఖ మధురవాడలో ఫ్లాట్ చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మనింటి ఆడపిల్లల్లో సొంత జీతంతో ఇల్లు కొంటున్నది నువ్వే మొదలు. కనపడ్డ వాళ్ళందరికీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాగితాల సంగతి నీకు తెలుసు. ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ ఉన్నాయేమో చెప్పే ఈసీ తీయించు, బిల్డింగు ప్లాన్‌కి మంజూరు ఉందో లేదో చూడు, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22-ఏ జాబితాలో లేదని తేల్చుకో.

నా భయమంతా గెడ్డ గురించే, అదే, కొండనీళ్ళు పారే వాగు. మధురవాడకి ఒకపక్క కంబాలకొండ, ఇంకోపక్క రుషికొండ వైపు కొండలు. వాన పడితే ఆ నీళ్ళు గెడ్డల్లోంచే దిగాలి. మీ చిన్నమావయ్య కొమ్మాది దాటాక స్థలం కొన్నది మండు వేసవిలో. కొత్తగా ఎర్రమట్టి పోసి, చదును చేసి, ముచ్చటగా ఉంది. ఆ మట్టి ఎందుకు పోశారని ఎవరూ అడగలేదు. పక్కన గొర్రెలు కాస్తున్న ముసలాయన "ఇక్కడ గెడ్డ ఉండేది బాబూ" అన్నాడట. అమ్మేవాడు కొట్టిపారేస్తే మావయ్య నమ్మేశాడు. గృహప్రవేశమైన ఏడాదే వాయుగుండం పట్టింది. తెల్లారేసరికి వంటింట్లో మోకాలి లోతు నీళ్ళు. బియ్యం, పట్టుచీరలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి. మేం వెళ్ళేసరికి మీ అత్త మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, ఏడవడం కూడా లేదు. గోడల చెమ్మ ఏళ్ళ తరబడి ఆరలేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, ఉందామంటే మబ్బు పట్టినప్పుడల్లా టెన్షన్.

నాది మూడో అంతస్తు కదా పెద్దమ్మా అంటావేమో. బండి ఎక్కడ పెడతావు? కరెంటు మీటర్లు, నీళ్ళ మోటారు ఎక్కడుంటాయి? అన్నీ కిందే కదా! ఊరి భూముల పటం, అదే గ్రామ నక్షాలో గెడ్డ ఎటు పోతుందో సర్వేయరుతో చూపించుకో. పాత ఊరివాళ్ళని అడుగు. బిల్డరు చెప్పిందే వేదమనుకున్నావంటే నాకు కోపమొస్తుంది.

జనరేటరు లిఫ్టుకే కాదు, బోరుకీ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేక, బిందెలు పట్టుకుని ట్యాంకర్ల వెంట తిరిగాం. నువ్వప్పుడు చిన్నపిల్లవి, నీకని పక్కన పెట్టిన చెంబెడు నీళ్ళు మీ తాతయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

రాత్రి షిఫ్టు అయ్యాక కార్‌షెడ్ జంక్షన్ దగ్గర హైవే పరిగెత్తి దాటకు తల్లీ. అక్కడి క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజైతే మరీ జాగ్రత్త.

అడ్వాన్సు అప్పుడే ఇవ్వకు. గట్టి వాన పడ్డ మర్నాడు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను, ఇద్దరం కలిసి ఆ వీధంతా నడిచి చూద్దాం.

మీ పెద్దమ్మ