టెక్ సందేహాలు: ఎలైజా ఎలా మాట్లాడేది?

ప్రశ్న: 1960ల్లోనే చాట్‌బాట్ ఉండేదట. అప్పటి కంప్యూటర్ మనిషితో ఎలా మాట్లాడింది? దాన్ని నా ల్యాప్‌టాప్‌లో నడిపి చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. దాని పేరు ఎలైజా. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఐబీఎం 7094 కంప్యూటర్ మీద తయారుచేసి, 1966 జనవరిలో దాని పనితీరును ప్రచురించారు. బాగా పేరొచ్చింది ‘డాక్టర్’ అనే స్క్రిప్టుకి (ఎలా జవాబివ్వాలో చెప్పే నియమాల జాబితా). అందులో అది మానసిక వైద్యుడిలా ఎదురు ప్రశ్నలు వేస్తుంది. కిటుకంతా ఆ పాత్రలోనే ఉంది. వైద్యుడు ఏమీ తెలియనట్టు అడిగినా మనకు వింతగా తోచదు.

మీ వాక్యంలో తనకు తెలిసిన కీలక పదాలను వెతికి, ఎక్కువ ర్యాంకు ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ‘మై’ని ‘యువర్’గా, ‘ఐ’ని ‘యూ’గా తిప్పుతుంది. ‘యూ హేట్ మీ’ అంటే మధ్యలోని ‘హేట్’ను తీసి అచ్చులో పెట్టి ‘వాట్ మేక్స్ యూ థింక్ ఐ హేట్ యూ’ అంటుంది. కీలక పదమేదీ దొరక్కపోతే ‘ప్లీజ్ గో ఆన్’ అంటుంది. లేదా మీరు ఇంతకుముందు ‘మై’తో చెప్పిన మాటను దాచిపెట్టుకుని, దానికీ దీనికీ సంబంధం ఉందా అని అడుగుతుంది. నిజంగా వింటోందన్న భ్రమ కలిగేది ఇక్కడే. అర్థం మాత్రం దానికి అందదు. అమ్మ పోయిందన్నా, ఊరి నుంచి వచ్చిందన్నా ‘మై మదర్’కు వర్తించేది ఒకే నియమం. అయినా, ఆ ప్రోగ్రాం తయారీని నెలల తరబడి చూసిన వైజెన్‌బామ్ సెక్రటరీయే దానితో నాలుగు మాటలాడగానే ఆయన్ని గదిలోంచి వెళ్లమన్నారు. గంటకు కొన్ని వందల మంది రోగులను ఇలాంటి ప్రోగ్రాంతో చూడొచ్చని కొందరు వైద్యులు రాయడం ఆయన్ని ఎంతో కలవరపెట్టింది. 1976లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు.

నడపాలంటే ఉచితంగా దొరికే ఈమాక్స్ ఎడిటర్ వేసుకోండి. ఆల్ట్ నొక్కిపట్టి ఎక్స్ కొట్టండి (పనిచేయకపోతే ఎస్కేప్ నొక్కి వదిలి, ఎక్స్). కింది వరుసలో ఇంగ్లిష్‌లో ‘డాక్టర్’ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఇది అసలు ఎలైజా కాదు, అదే పద్ధతిలో రాసినది. వాక్యం పూర్తయ్యాక ఎంటర్ రెండుసార్లు కొట్టాలి. ఒక్కసారితో ఆగితే జవాబు రాదు. తెలుగులో రాస్తే కీలక పదాలు దొరకవు కాబట్టి పొడిపొడి జవాబులే వస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారు బీపీ మాత్ర మానేయొచ్చా అని ఇప్పటి చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. నమ్మొచ్చా?

జవాబు: మాత్ర పేరు, అది చేసే పని, దుష్ప్రభావాలు అడిగి తెలుసుకుని, డాక్టర్ని ఏం అడగాలో రాసుకోనివ్వండి. మానేయడం, మోతాదు మార్చడం మాత్రం డాక్టర్ చెప్పాకే. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ఇప్పటి చాట్‌బాట్లు కీలక పదాలతో నడవవు. బోలెడంత పాఠ్యం నుంచి నేర్చుకుని, తర్వాత ఏ పదం రావచ్చో అంచనా కడతాయి. తెలిసినా తెలియకపోయినా అదే ధీమాతో చెబుతాయి. పైగా మీరు ఆశించే జవాబు వైపు ఒరుగుతాయి. నాన్నగారికి చూపించాలంటే ఒక చాట్‌లో ‘మానేయొచ్చు కదా?’ అని, మరో చాట్‌లో ‘మానకూడదు కదా?’ అని అడగండి. రెండింటికీ అవునంటే అది వంత పాడుతున్నట్టే. రెండోది కొత్త చాట్‌లోనే, మెమరీ సెట్టింగ్ ఆపి అడగాలి. లేకపోతే ముందు అన్న మాటే రెండో జవాబులోకీ వచ్చేస్తుంది.