అనిమే పిచ్చిలో పడి ఎంసెట్ రాయనంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి సార్. ఏడాది నుంచి జుజుట్సు కైసెన్ అని ఏదో జపాన్ కార్టూన్ పట్టుకున్నాడు, దాన్ని అనిమే అనాలట, అన్నీ దెయ్యాలు, శాపాలు, రక్తం. ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల నిండా చేతుల బొమ్మలే, వేళ్లు మడిచి ఏవో ముద్రలు. ఎంసెట్ రాయడట, జపాన్ వెళ్లి యానిమేటర్ అవుతాడట. వాళ్ల నాన్నగారు ఫోన్ లాక్కుంటే అన్నం మానేసి కూర్చున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్ ఇచ్చేయమనండి అమ్మా, లాక్కుంటే పంతం పెరుగుతుందే గానీ ఇష్టం పోదు. మీ మెసేజ్‌లో నా కన్ను పడింది మాత్రం ఆ రికార్డు వెనకున్న చేతుల మీద. బొమ్మలేసే వాళ్లనెవర్నైనా అడగండి, మొహం కన్నా చెయ్యి కష్టం అంటారు, వేళ్ల పొడుగులు కుదరవు, ఒక వేలు వెనక ఇంకోటి దాక్కుంటుంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు హీరో చేతులు జేబుల్లో పెట్టేసి తప్పించుకుంటారు. మీవాడేమో ఎవరూ చెప్పకుండానే అవే వేస్తున్నాడు. అది మంచి గుర్తే, కానీ అది చాలదు, ఎందుకో చెప్తాను.

అసలు ఆ జుజుట్సు కైసెన్‌లో ఏముందో మీకూ తెలియాలి కాబట్టి కొంచెం చెప్తా. గెగె అకుటామి అనే ఆయన 2018 నుంచి 2024 దాకా షోనెన్ జంప్ అనే వారపత్రికలో వేసిన బొమ్మల కథ అది, దాన్ని మాప్పా అనే స్టూడియో 2020లో సీరియల్‌గా తీసింది. అందులో దెయ్యాలు పైనుంచి ఊడిపడవు, మనుషుల భయం, ఏడుపు, కోపం, కుళ్లు అన్నీ పేరుకుపోయి శాపాలై పుడతాయి, అవి ఎక్కువగా చేరేది స్కూళ్లలో, ఆస్పత్రుల్లో. (మన ఇంటర్ హాస్టళ్లు గుర్తొస్తే నా పూచీ లేదు.) హీరో యూజీ, స్నేహితుల్ని కాపాడబోయి సుకునా అనే మహా శాపం తాలూకు వేలొకటి మింగేస్తాడు, ఇక ఆ సుకునా యూజీ ఒంట్లోనే కూర్చుంటాడు, వాడితోపాటు నిన్నూ చంపాల్సిందే, కాకపోతే మొత్తం 20 వేళ్లూ తినేదాకా ఆ మరణశిక్ష వాయిదా అంటారు పెద్దవాళ్లు. పదిహేడేళ్ల కుర్రాడికి ఇది ఎందుకు ఎక్కుతుందో మీకే అర్థమవుతుంది. మీవాడు గీసే ముద్రల్లో సుకునాది యముడి ముద్ర, జపాన్ బౌద్ధుల దగ్గర ఎన్మాతెన్ అనే పేరుతో ఉన్న మన యముడే, యూజీకి గురువైన గోజోది ఇంద్రుడి ముద్ర. రక్తం మాట నిజమే, రెండో సీజన్లో షిబుయా భాగం బాగా ఘాటు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల ముందు పెట్టనివ్వకండి.

ఒక పని చెయ్యండి, మొదటి సీజన్ 13వ ఎపిసోడ్ వాడి పక్కన కూర్చుని చూడండి. నానామి అని ఒక పాత్ర ఉంటాడు, సూటు, టై, టైమైపోతే ఓవర్‌టైమ్ అని విసుక్కునే రకం. ఇతను శాపాలతో పోరాడే పని వదిలేసి కంపెనీలో చేరి డబ్బు సంపాదిస్తుంటాడు, రోజూ బ్రెడ్ కొనే షాపులో అమ్మాయి భుజం నొప్పి అంటుంది, ఆమె భుజం మీద కూర్చున్న చిన్న శాపాన్ని ఇతను తీసేస్తాడు, ఆమె వెనకనుంచి థాంక్స్ అని అరుస్తుంది, అంతే, పాత పనికి తిరిగి వెళ్లిపోతాడు. రెండు పనులూ చెత్తే, కాకపోతే ఇది నాకు చేతనవును అన్నట్టు ఉంటుంది అతని లెక్క. ఉద్యోగం గురించి ఇంత పెద్దమనిషి తరహాలో మాట్లాడే పాత్ర పిల్లల సీరియళ్లలో నేను ఎక్కువ చూడలేదు. అది చూశాక వాడిని మెల్లగా అడగండి, నీకు ఇందులో నచ్చిందేంట్రా, ఆ కదలికా, ఆ శక్తుల రూల్సా, ఈ మనుషులా అని. రూల్సూ, మనుషులూ అంటే వాడు కథలు రాసే రకమో గేమ్ డిజైన్ రకమో కావచ్చు, వాడికి యానిమేషన్ కాలేజీ అక్కర్లేకపోవచ్చు.

కదలిక అన్నాడనుకోండి, అప్పుడు పరీక్ష పెట్టండి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అనిమే వాళ్లు మామూలుగా ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకి 8 నుంచి 12 బొమ్మలు. యూజీ గుద్దితే దెబ్బ రెండుసార్లు తగుల్తుంది, ముందు పిడికిలి, రవ్వంత ఆగి శాపశక్తి. ఆ రవ్వంత ఆగడం ఎన్ని బొమ్మల్లో చూపిస్తాడో, అదీ యూజీని కాకుండా మీ ఇంట్లో వాళ్లనెవర్నైనా పెట్టి, 12 బొమ్మలు వేసి చూపించమనండి. ఉన్న బొమ్మ చూసి దించడం వేరు, లేని కదలిక పుట్టించడం వేరు. ఆరో బొమ్మకే విసుగొస్తే వాడు మంచి ప్రేక్షకుడు, అందులో తప్పేం లేదు. మొత్తం వేసి, బాలేదని చింపి మళ్లీ మొదలెడితే మాత్రం మీరు వాళ్ల నాన్నగారితో మాట్లాడాల్సిందే.

జపాన్ సంగతి దాచకుండా వాడికే చదివి వినిపించండి. అక్కడ కొత్తగా చేరినవాళ్లకి మధ్య బొమ్మలు, అంటే రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికని నింపేవి, వేసే పని ఇస్తారు, చాలాచోట్ల జీతం ఉండదు, బొమ్మకింత అని రెండు మూడొందల యెన్‌ల లెక్క. 2023లో ఇదే సీరియల్ రెండో సీజన్ టీవీలో వస్తుండగానే అందులో పనిచేసినవాళ్లు టైమ్ చాలట్లేదని, నిద్రల్లేవని సోషల్ మీడియాలో బాహాటంగా రాశారు. భాష లేకుండా స్టూడియోలో నెగ్గుకురావడం కష్టం, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5 నుంచి మొదలుపెట్టమనండి, ఏడాదికి రెండుసార్లు జులైలో, డిసెంబర్‌లో పెడతారు. ఎన్5 కూడా రాయనివాడు జపాన్ అంటే నేను సీరియస్‌గా తీసుకోను. మన దగ్గర అవకాశాలు లేవా అంటే ఉన్నాయి, ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్‌దే, వీఎఫ్ఎక్స్ స్టూడియోలూ ఉన్నాయి. అనిమేకి ఇక్కడ చూసేవాళ్లు లేరని కూడా అనుకోకండి, 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలోకి వచ్చింది.

చదువు విషయానికొస్తే, ఎంసెట్ మానొద్దు, అది వాడి అభిప్రాయం మారినా చేతిలో ఉంటుంది. దాంతోపాటు యూసీడ్ రాయించండి, అది డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష, ఐఐటీ బాంబే వాళ్లు జనవరిలో పెడతారు, ఏ గ్రూప్ వాళ్లైనా రాయొచ్చు, వరసగా రెండేళ్లలో రెండుసార్లే అవకాశం, దాంతో ఐఐటీ హైదరాబాద్‌లో కూడా బీడిజైన్ అనే ఆ డిగ్రీలో సీటు ఉంది. బొమ్మ గీసే ప్రశ్న అందులోనే ఉంటుంది, ఎంపీసీ లెక్కలు కూడా ఉపయోగపడతాయి. యానిమేషనే కావాలంటే అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), దానికి డ్యాట్ అని వేరే పరీక్ష. ఇంట్లోంచే వెళ్లాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), అక్కడ బీఎఫ్ఏ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో యానిమేషన్ ఉంది. ఇక గల్లీకొకటి ఉన్న వంద శాతం జాబ్ గ్యారంటీ ఇన్‌స్టిట్యూట్లకి డబ్బు కట్టేముందు, పోయినేడాది బయటికెళ్లిన పిల్లల వీడియోలు చూపించమనండి, గోడ మీద ఫోటోలు కాదు, వాళ్లు చేసిన పని. చూపించకపోతే లేచి వచ్చేయండి.

ఇంకో మాట, మీది రిజర్వేషన్ కేటగిరీ అయితే ఐఐటీ, ఎన్ఐడీలకి ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు సెంట్రల్ ఫార్మాట్‌లో కావాలి, ఎంసెట్‌కి ఇచ్చేవి పనికిరావు. యూసీడ్ అప్లికేషన్లు అక్టోబర్‌లో మొదలవుతాయి, మీసేవలో ముందే అప్లై చేసి పెట్టుకోండి.