సంక్రాంతి దాకా ఆగొద్దు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో నీ పేరు వచ్చిందనగానే వీధిలోకి వెళ్లి ఇద్దరికి చెప్పి వచ్చాను. తిరిగొచ్చాక రెండో ముక్క చెప్పింది. పడి మూడు వారాలైందట, మణికట్టులో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారట, నువ్వేమో టేపు చుట్టుకుని టోర్నమెంట్ ఆడేసి సంక్రాంతి వెళ్లాక ఆపరేషన్ అన్నావట. ఇక నిద్రేం పడుతుంది?

స్కానింగులన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. చేతి సర్జరీలే చేసే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇవి నీకు తెలిసినవే.

నా సంగతి నీకు సగమే తెలుసు. 1996 వానాకాలం, డిపోలో బస్సు మెట్టు మీద కాలు జారి ఎడం అరచెయ్యి ఆనించి పడ్డాను. ఎక్స్-రే తీసి ఎముక విరగలేదన్నారు. విరగలేదంటే ఏమీ కాలేదనే అనుకున్నాను. మీ అత్తయ్య అప్పుడు కడుపుతో ఉంది, సెలవు పెడితే డబ్బులు పోతాయని భయం. ఎవరో చెబితే కోడిగుడ్డు సొనా మినప్పిండీ కలిపి నాటు కట్టు కట్టించుకున్నాను. వాపు తగ్గింది. ఆ తగ్గడమే నా కొంప ముంచింది. వారానికే డ్యూటీ ఎక్కాను. గేరు మార్చేది ఎడం చెయ్యే కదా, లాగినప్పుడల్లా లోపల టక్‌మనేది. గేర్‌బాక్స్‌లో అలాంటి చప్పుడు వస్తే బండిని ఆ రోజే షెడ్డుకు పంపేవాణ్ణి. చేతిని మాత్రం పన్నెండేళ్లు తిప్పాను. నీ అన్నప్రాశన ఫొటోలో నిన్ను కుడిచేత్తో ఒక్కదాంతోనే పట్టుకుని ఉంటాను చూడు, స్టైలు కాదది.

2008లో ఒక డాక్టరు పిడికిలి బిగించమని మళ్లీ ఎక్స్-రే తీశారు. స్కాఫాయిడ్, ల్యూనేట్ అని పక్కపక్కనే రెండు చిన్న ఎముకలు. వాటి మధ్య సందు నాకే కనిపించింది. పట్టి ఉంచే లిగమెంట్ తెగడంతో ఎముకలు ఒరిగి, ఒరుసుకుని, వాటి మీదుండే నున్నటి మెత్త, కార్టిలేజ్, అరిగిపోయింది. అప్పటికి కుట్టడానికేం మిగల్లేదు. ఒక ఎముక తీసేసి, నాలుగు ఎముకలు అతికించారు. నొప్పి పోయింది, మణికట్టు సగమే వంగుతుంది.

నీకు తెగిందీ ఆ లిగమెంటేనట! పూర్తిగా తెగినదాన్ని కుట్టాలంటే మొదటి నాలుగు నుంచి ఆరు వారాలే మంచి సమయం. ఆ తర్వాత తెగిన కొసలు ముడుచుకుపోతాయి, ఒకదానికొకటి అందవు. అప్పుడు వేరేచోటి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది, తెచ్చి కట్టాలి, అది పెద్ద ఆపరేషన్. నీకు మూడు వారాలు అయిపోయాయి, లెక్క నువ్వే చూసుకో.

అలాగని ప్రతి బెణుకుకూ కోత అక్కర్లేదు. చిటికెన వేలి వైపు కార్టిలేజ్ చిరిగి, కీలు గట్టిగానే ఉంటే నాలుగైదు వారాలు పట్టీ వేసి చూడమనే అంటారు. ఆ వైపు కూడా బయటి అంచుకే రక్తం అందుతుంది, కుడితే అతుకుతుంది. మధ్యలో చిరిగితే అతకదు, శుభ్రం చేసి వదిలేస్తారు. ఎమ్మారై కొన్నిసార్లు ఇవేవీ పట్టుకోలేదు. రెండు మిల్లీమీటర్ల కెమెరా లోపలికి పెట్టి చూస్తేనే తేలుతుంది. కాబట్టి డాక్టరుని రెండే అడుగు: కీలు వదులైందా? ఎన్ని రోజులు ఆగొచ్చు?

కుట్టాక దాదాపు రెండు నెలలు ఎముకలు కదలకుండా లోపల తీగలు, పైన కట్టు. మళ్లీ బంతి ముట్టుకోవడానికి ఆరు నెలలు పట్టొచ్చు. ఈ ఏడు టోర్నమెంట్ పోతుంది. ఏడుపొస్తే ఏడువు, నాకు ఫోన్ చేసి తిట్టు కూడా. కోచ్‌కి చెప్పడం కష్టమైతే నేను వచ్చి చెబుతాను.

సోమవారం డాక్టరు ఏమన్నారో రాత్రికల్లా చెప్పు. మీ అత్తయ్య సున్నుండలు చుడుతోంది, నాతో పంపుతుంది. కట్టు కుడిచేతికే కాబట్టి స్పూనుతో తిను, ఎడం చేత్తో తింటే అమ్మమ్మ ఊరుకోదు.

నీ మావయ్య