ఎండాకాలంలో కనపడని డెంగీ, వానలు పడగానే ఎక్కడి నుంచి వస్తుంది?

"మే నెలలో మహబూబ్‌నగర్‌లో దోమే కనపడదు, మరి వానలు పడగానే డెంగీ ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?" అని ఒకరు అడిగారు. ఎక్కడి నుంచీ ఊడిపడదు. దాన్ని అంటించే దోమ ఎండాకాలమంతా మన ఇంట్లోనే, నీళ్ల డ్రమ్ముకు అంటుకుని ఉంటుంది.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఊళ్లు. బోరు నీళ్లు తాగలేం కాబట్టి మంచినీళ్లు వచ్చినప్పుడే పట్టి దాచుకోవడం మాకు మొదటి నుంచీ అలవాటు. ప్రతి ఇంట్లో ఒక గోళెం, అంటే పెద్ద నీళ్ల తొట్టి, పక్కన రెండు డ్రమ్ములు. డెంగీని అంటించే దోమే అంటించే చికున్‌గున్యా 2006లో వచ్చినప్పుడు, మా అమ్మ పొద్దున లేచి చీపురు పట్టబోతే వేళ్లు ముడవలేదు. కూర్చుంటే లేవలేకపోయింది. గోడ పట్టుకుని నడిచింది. చూస్తుండగానే వాడకట్టు మొత్తం అదే నడక. పత్తిలో కలుపు తీయడానికి మనిషి దొరకలేదు. కోడికూర తింటే వస్తుందని కొందరు చికెన్ మానేశారు.

అప్పుడు ఊళ్లోకి వచ్చిన నర్సు ఒకామె మా గోళెంలో నీళ్లు సగం తోడించి, లోపలి గోడ మీద టార్చి వేసింది. నీళ్లు అంతకుముందు ఉన్న అంచుకు కాస్త పైన, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చార. గోటితో గీకి మా అమ్మ అరచేతిలో పెట్టింది. దోమ గుడ్లు! నీళ్లు పారబోస్తే పోవు, ఎండితే చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పురుగులై, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. అమ్మ గోళెం ఖాళీ చేసి నీళ్లు మార్చేది, కానీ గోడ రుద్దేది కాదు. ఊళ్లో ఎవరూ రుద్దరు.

ఇక వైరస్ సంగతి. డెంగీ వైరస్ కొంతవరకు తల్లి దోమ నుంచి గుడ్లలోకే దిగుతుంది. అంతకంటే ఎక్కువగా మనుషుల్లోనే తిరుగుతుంది. సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు, వాళ్లను కుట్టిన దోమకు మాత్రం అంటుతుంది. ఈ దోమ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోవడం అరుదు. ఊళ్లు దాటించేది మనమే. చికున్‌గున్యానే చూడండి. 1963లో కలకత్తా, 1964లో మద్రాసు, 1973లో మహారాష్ట్రలోని బార్సీ. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దేశంలో దాని ఊసే లేదు. 2004లో కెన్యా తీరంలో లేచి, హిందూ మహాసముద్రంలోని దీవులు చుట్టి, 2005 చివరికి మన దగ్గర దిగింది. అదీ పాత రకం కాదు, ఆఫ్రికా రకం. దోమ సముద్రం మీద ఎగిరి రాలేదు కదా! పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బొంబాయి, పుణె పనులకు పోయి పండక్కి బస్సెక్కి వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. వైరస్ రాకను ఆపలేం, వచ్చిన చోట దోమ లేకుండా చేయగలం.

మరి మనవాళ్లు చేసేదేమిటి? సెప్టెంబర్‌లో పొగ మిషన్ తిప్పుతారు. ఆ పొగ తగిలితే ఎగిరే దోమ చస్తుంది, గుడ్డుకు ఏమీ కాదు. పైగా ఈ దోమ ఇంట్లో మంచం కింద, తగిలించిన బట్టల వెనక ఉంటుంది. పొగ బండి రాగానే మనం తలుపులు మూసుకుంటాం.

జ్వరం వచ్చాక ఇంకో బాధ. మా అన్న కొడుక్కి డెంగీ వస్తే, ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పూటకో పరీక్ష చేసి ఇంటిల్లిపాదినీ టెన్షన్ పెట్టారు. పిల్లాడికి ఎక్కడా రక్తం కారలేదు, నీళ్లు బాగా తాగుతున్నాడు. అప్పు మాత్రం మిగిలింది.

మే నెలలో గోళెం అడుగంటినప్పుడే లోపలి గోడంతా పీచుతో గట్టిగా రుద్దండి. నీళ్లు పట్టాక పాత చీర గుడ్డ మూతికి బిగించి కట్టండి. పంచాయతీ వాళ్లను పొగ మిషన్ కోసం కాదు, నల్లా రోజూ టైముకు వదలమని నిలదీయండి. నీళ్లు టైముకు వస్తే ఇన్ని డ్రమ్ములు ఎవరు పెట్టుకుంటారు?